లోపల పెట్టిన నంబరు

మంగళవారం ఉదయం 6.40కి లీలమ్మ ఫోన్ పనిచేయడం లేదు. తెర మీద కంపెనీ గుర్తు వచ్చేది, ఆరిపోయేది, మళ్లీ వచ్చేది.

కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోమని ఆ ఫోన్ వారం రోజులుగా అడుగుతోంది. సోమవారం రాత్రి తొమ్మిదికి లీలమ్మ ‘సరే’ నొక్కి, ఛార్జింగ్ పెట్టి పడుకుంది. తెల్లవారి చూస్తే ఇదీ పరిస్థితి.

లీలమ్మకు యాభై ఆరేళ్లు. మొఘల్‌పురాలో ఉంటుంది. పత్తర్‌గట్టిలో ప్రహ్లాద్ ముత్యాల దుకాణంలో ముత్యాలు గుచ్చుతుంది. ఇరవై ఏడేళ్లుగా అదే దుకాణం, అదే పని. ఆమె ఫోన్‌లో ఏడు ఫొటోలున్నాయి. సాయంత్రం నాలుగు గంటల లోపు ఆమెకు ఆ ఏడు కావాలి.

అవి ఒక సత్‌లడ ఫొటోలు. సత్‌లడ అంటే ఏడు పేటల ముత్యాల హారం. పేటకు ఒక ఫొటో. హారం షాలిబండలో ఉండే విమలాదేవిది. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఆరేళ్లుగా చూపు లేదు. దారం రెండుచోట్ల నలిగిందని శనివారం హారాన్ని దుకాణానికి తెచ్చింది. మంగళవారం సాయంత్రం మనవరాలు రశ్మి పెళ్లి. నాలుగింటికి వచ్చి తీసుకుపోతామని చెప్పింది. ఒక షరతు పెట్టింది.

“ఎట్లున్నదో గట్లనే గుచ్చాలె లీలా. మంచిగ కనపడాలెనని వరుస మార్చకు.”

ఆ హారంలో 413 ముత్యాలు, 21 పచ్చలు ఉన్నాయి. కొత్త హారాల్లో ఉన్నట్టు ముత్యాలు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసలో లేవు. నాలుగు తరాల్లో ఏ ముత్యం పోతే దాని చోట దొరికిన ముత్యం వేశారు. గుండ్రటివాటి మధ్య ఒక చపట ముత్యం ఉంటుంది. పెద్దదాని పక్కన రవ్వంతది ఉంటుంది. చూపు పోయాక విమలాదేవి ఆ హారాన్ని వేళ్లతో చదువుకుంది. ఏ పేటలో ఎన్నోది ఏదో ఆమె వేళ్లకు తెలుసు.

“ఎట్లిస్తివో అట్లనే ఇస్తనమ్మా. ఒక్కటి గూడ జరగదు” అని లీలమ్మ మాట ఇచ్చింది.

శనివారం సాయంత్రం ఆమె నల్లగుడ్డ పరిచి ఒక్కో పేటనూ ఫొటో తీసింది. సోమవారం దారాలు కోసింది. ఏడు పేటల ముత్యాలను ఏడు గిన్నెల్లో వేసి, కుంకుడు నీళ్లలో కడిగి, గుడ్డల మీద ఆరబెట్టింది. ఏ ముత్యం ఏ పేటదో గిన్నెను చూస్తే తెలుస్తుంది. పేటలో ఎన్నోదో ఫొటోకే తెలుసు.

*

సుజన రిపేరు కౌంటర్ పది గంటలకు తెరుస్తుంది. లీలమ్మ 9.20కే వచ్చి మెట్టు మీద కూర్చుంది. గుల్జార్ హౌజ్ వైపు వెళ్లే ఆ సందులో తొమ్మిది రిపేరు కౌంటర్లున్నాయి. ఎనిమిది మగవాళ్లవి. సుజనకు ముప్పై ఒకటి. నల్గొండ నుంచి వచ్చి మూడేళ్లయింది.

“ఏమైంది ఆంటీ, నాకంటే ముందే వచ్చినవ్?” అంది సుజన షట్టర్ ఎత్తుతూ.

“సచ్చింది బిడ్డా. రాత్రి ఏదో అడిగె, సరే అన్న. ఇగ లేవలే.”

“సరే అనేముందు నన్నడగాలె గదా.”

“నా పెండ్లికే ఎవలు నన్నడగలే. ఫోన్‌కు నిన్నడుగుతనా?”

సుజన ఫోన్ తీసుకుని చూసింది. గుర్తు వచ్చింది, పోయింది.

“ఎప్పుడు కొన్నరు?”

“పర్సోం.”

“రెండు రోజులకే గిట్లయిందా! ఐతే నేనెందుకు ముట్టుకోవాలె? డబ్బా తెచ్చినవా? కంపెనీవాళ్లు కొత్తది ఇస్తరు.”

“డబ్బల మా ఆయన డానియేలు మేకులు పోసుకున్నడు.”

“రెండు రోజుల్లనే?”

అప్పటికి ప్రహ్లాద్ సందులోకి వచ్చాడు. దుకాణంలో గిన్నెలు గిన్నెలుగానే ఉన్నాయి, లీలమ్మ లేదు. వెతుక్కుంటూ వచ్చాడు. అతను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాడు. రెండేళ్ల కిందట తండ్రి పురుషోత్తం చనిపోయాక ఉద్యోగం వదిలి దుకాణంలో కూర్చున్నాడు.

“అమ్మా సుజనా, ఈమె పర్సోం అన్నదంటే మా నాయన బతికున్నప్పుడన్నట్టు. ఫోన్ ఆయనే కొనిచ్చిండు. నాలుగేండ్లయితది” అన్నాడు.

పర్సోం అంటే మొన్న. పాతబస్తీలో ఆ మొన్న రెండు రోజుల కిందటిది కావచ్చు, ఇరవై ఏళ్ల కిందటిది కావచ్చు.

“మస్తుంది మీ క్యాలెండర్” అంది సుజన. ఫోన్ వెనక కవర్ ఊడదీసింది.

కవర్ లోపలి నుంచి చిన్న అట్టముక్క ఒకటి జారిపడింది. మూలకు రంధ్రం, రంధ్రంలో దారం ముక్క. దుకాణాల్లో దండలకు కట్టే చీటీ. దాని మీద నీలి సిరాతో ఐదారు అక్షరాలున్నాయి. సుజన దాన్ని స్క్రూలు వేసే పళ్లెంలో పడేసి పనిలోకి దిగింది.

పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి ఇరవై సెకన్లు నొక్కి పట్టింది. ఫోన్ ఆరింది. మళ్లీ వెలిగించింది. గుర్తు వచ్చింది, పోయింది. రెండోసారి మరో పద్ధతిలో నొక్కింది. ఈసారి నల్లతెర మీద లైన్లు వచ్చాయి.

“ఇగ ఇద్దరు సప్పుడు చెయ్యకున్రి” అంది. “ఇండ్ల రెండు లైన్లున్నయ్. ఒకటి పైపైన చెత్త తుడుస్తది. దాని కిందిది మొత్తం తుడుస్తది. ఫొటోలు, నంబర్లు, అన్ని పోతయ్.”

“పైదే నొక్కు తల్లీ” అన్నాడు ప్రహ్లాద్.

“నొక్కుత సేట్. ఈ బటన్ ఒక్కోసారి రెండు లైన్లు దుంకుతుంది. గదే ఫికర్.”

వాల్యూమ్ బటన్ చుట్టూ మురికి పట్టింది. సుజన బ్రష్షును స్పిరిట్‌లో ముంచి బటన్ అంచులు కడిగింది. రెండు నిమిషాలు ఆరనిచ్చింది. ఒకసారి నొక్కింది. ఒక లైను కదిలింది. ఇంకోసారి నొక్కింది. ఒక లైనే కదిలింది. ఏ లైను మీద ఉందో వేలు పెట్టి చదువుకుని పవర్ బటన్ నొక్కింది.

10.48కి ఫోన్ లేచింది. తెర మీద లీలమ్మ చర్చి ముందు తీసుకున్న ఫొటో వచ్చింది. ప్రహ్లాద్ చప్పట్లు కొట్టాడు. పక్క కౌంటర్ నుంచి భిక్షపతి తల బయట పెట్టాడు.

“ఏం లొల్లి సుజనక్కా?”

“సచ్చినోళ్లను లేపుతున్నం అన్నా. నీదేమన్న ఉంటే పట్కరా.”

*

ఫొటోలన్నీ ఉన్నాయి. డానియేలు రిటైర్మెంట్ సభ, చర్చి పిక్నిక్, మేకపిల్ల. హారం ఫొటోలు మాత్రం కనిపించలేదు.

“గవి తిజోరిల ఉన్నయ్ బిడ్డా” అంది లీలమ్మ.

తిజోరి అని ఆమె పిలిచేది ఫోన్‌లో తాళం వేసిన ఒక ఫోల్డర్‌ను. గిరాకీల నగలు బయటివాళ్లకు చూపకూడదన్నది పురుషోత్తం పెట్టిన నియమం. ఫోన్ కొనిచ్చిన రోజే ఆ ఫోల్డర్‌కు తాళం పెట్టించాడు. ఆ నియమం వల్లే లీలమ్మ ఫొటోలను ఎవరికీ పంపలేదు. నాలుగేళ్లుగా వేలు పెడితే తిజోరి తెరుచుకుంటోంది.

వేలు పెట్టింది. తెరుచుకోలేదు. తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి. ‘అప్‌డేట్ తర్వాత వేలిముద్రలు తొలగించబడ్డాయి. ఆరంకెల పిన్ ఇవ్వండి.’

“పిన్ ఎంత ఆంటీ?”

“పిన్నంటే ఎవలకు తెల్వది?” లీలమ్మ వేలితో ఒక్కో అంకె వెతికి కొట్టింది. 500002. అది చార్మినార్ ప్రాంతం పిన్‌కోడ్.

తప్పు అంది ఫోన్. సుజన చేతులు రెండూ తల మీద పెట్టుకుంది.

“ఉత్తరమేస్తున్నవా ఆంటీ? తాళం పిన్ అడుగుతుంది అది!”

“గా నంబర్ నేనెన్నడు కొట్టలే. పెద్ద సేట్ పెట్టిండు.”

“మా నాయన పెట్టిండా? ఐతే ఆయన పుట్టినరోజే” అన్నాడు ప్రహ్లాద్. సుజన ఆపేలోపు కొట్టేశాడు. అదీ తప్పే. కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ‘ఇంకా 3 ప్రయత్నాలు మిగిలాయి. ఆ తర్వాత లోపల ఉన్నవి శాశ్వతంగా తొలగిపోతాయి.’

సుజన ఫోన్‌ను ఇద్దరికీ అందకుండా తన వైపు జరుపుకుంది. కంపెనీ సర్వీసు నంబరుకు ఫోన్ చేసింది. పద్నాలుగు నిమిషాల తర్వాత లైను మీదికి వచ్చిన మనిషి ఒకటే చెప్పాడు. ఆ ఫోల్డర్ పిన్ మరిచిపోతే తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు, లోపల ఉన్నవి రావు.

11.10కి ప్రహ్లాద్ ఫోన్ మోగింది. విమలాదేవి ఇంటి నుంచి. నాలుగింటికి వస్తామని చెప్పారు. ప్రహ్లాద్ “రండమ్మా” అని పెట్టేశాడు.

“లీలమ్మా, ఒక పని చేద్దాం. సైజు చూసి వరుసగ గుచ్చేయ్. చిన్నయి పైకి, పెద్దయి నడుమకు. ముందటికంటే మంచిగనే ఉంటది. ఎవలు చూస్తరు?”

“చూసుడు లేదు సేట్. ఆమె పట్టుకుంటది.”

“పట్టుకుంటే ఏమైతది?”

“రెండో పేట కాడనే దొరికిపోతం. దొరుకుతమని గాదు. నేను మాటిచ్చిన.”

ప్రహ్లాద్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సుజన స్టూలు లాక్కుని లీలమ్మ ఎదురుగా కూర్చుంది. “ఆంటీ, పెద్ద సేట్ నంబర్ పెట్టినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవా?”

“ఉన్న. ఫోన్ అమ్మెటోన్ని అవతలికి పొమ్మన్నడు. తనే కొట్టిండు. నువ్వే ఒక నంబర్ చెప్పు లీలమ్మా అన్నడు. మీ ఇష్టం సేట్ అన్న.”

“కొట్టినంక ఏమన్నడు?”

“నంబర్ లోపల పెట్టిన, ఫికర్ చెయ్యకు అన్నడు.”

“లోపలంటే?”

“ఫోన్ల లోపల. ఇంకేడ పెడతరు?”

“ఫోన్లనే అన్నడా? లోపల అన్నడా?”

లీలమ్మ ఆలోచించింది. “లోపల అన్నడు.”

“ఫోన్‌కు కవర్ ఎవలేసిన్రు?”

“ఆయనే ఏసి నా చేతికిచ్చిండు.”

సుజన స్క్రూల పళ్లెం వైపు చూసింది. అట్టముక్కను రెండు వేళ్లతో తీసి కౌంటర్ మీద పెట్టింది. దాని మీద ఆరు అక్షరాలున్నాయి. ఒ, క, దు, క, లే, రం.

“ఇది నంబర్ గాదు గదా” అంది.

“నంబరే” అన్నాడు ప్రహ్లాద్. “మాకే తెల్వని నంబర్.”

*

పత్తర్‌గట్టి పాత దుకాణాల్లో సరుకు ధరను అంకెల్లో రాసేవాళ్లు కాదు. గిరాకీ చదవకుండా అక్షరాల్లో రాసేవాళ్లు. పది అక్షరాలు, పది అంకెలు. ఆ పది అక్షరాలు వరుసగా చదివితే ఒక మాట వస్తుంది. ప్రతి దుకాణానికి తనదంటూ ఒక మాట ఉండేది. ఆ మాటను కొడుకుకు తప్ప ఎవరికీ చెప్పేవారు కాదు. పురుషోత్తం కొడుకు బ్యాంకులో ఉన్నాడు. దుకాణంలోకి వస్తాడని ఆయన అనుకోలేదు. చెప్పలేదు. ప్రహ్లాద్ వచ్చాక కంప్యూటర్ స్టిక్కర్లు పెట్టించాడు.

“ముప్పై ఏండ్లు బ్యాంకుల లాకర్ తాళాలు చూసిన. మా నాయన తాళం తీస్తందుకు చాతగాలే” అన్నాడు. “గిసొంటి చీటీలు డ్రాయర్ నిండ ఉన్నయ్. ఒక్కటి గూడ సమజ్ కాలే.”

లీలమ్మ చీటీని చేతిలోకి తీసుకుంది. దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది.

“సేట్, మీ నాయన గిరాకీతోని రోజు ఏమంటుండె?”

“ఏమంటుండె? మస్తు అంటుండె.”

“బేరం చేసేటోళ్లతోని.”

“ఓ, గదా? ఒక్క మాట, ఇంక బేరం లేదు.”

“ఏళ్ల మీద లెక్కపెట్టున్రి. ఒక్కొక్క అక్షరం.”

ప్రహ్లాద్ కుడిచేయి ఎత్తాడు. “ఒ. క్క. మా. ట. ఇం.” ఎడమచేయి ఎత్తాడు. “క. బే. రం. లే. దు.”

రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. చేతులు అట్లాగే ఎత్తి ఉంచి లీలమ్మను చూశాడు.

“ఒ అంటే ఒకటి. దు అంటే సున్న” అంది లీలమ్మ.

“నీకెవలు చెప్పిన్రు?”

“చెప్పుడేంది సేట్? దండ గుచ్చినంక ముత్యాలు లెక్కవెట్టి చెప్పేది నేనే గదా. నూట నాలుగు సేట్ అంటుంటి. ఆయన చీటీ మీద ధర కింద ఒ, దు, ట అని రాస్తుండె. నూట పన్నెండు అంటే ఒ, ఒ, క్క. చీటీ దండకు కట్టేది గూడ నేనే. ఎన్ని దినాలు తెల్వకుంట ఉంటది?”

“ఎప్పటిసంది తెలుసు నీకు?”

“పర్సోం సంది.”

సుజన నవ్వి స్టూలు మీద నుంచి లేచింది. “ఇది ఏ పర్సోం ఆంటీ?”

“చేరిన మొదటి నెల.”

“ఐతే ఒక్కో దండ మీద మా నాయన ఎంత మిగిలించుకుంటుండెనో...” అన్నాడు ప్రహ్లాద్.

“అంత ఎరికే సేట్. గందుకే మన దుకాణంల నేను ఒక్క ముత్యం గూడ కొనలే.”

భిక్షపతి తన కౌంటర్ వదిలి వచ్చి నిలబడ్డాడు. సుజన కాగితం తీసుకుంది. లీలమ్మ చీటీ చదివింది, సుజన రాసింది. ఒ ఒకటి. క ఆరు. దు సున్న. క ఆరు. లే తొమ్మిది. రం ఎనిమిది. 160698.

సుజన కొట్టింది.

తప్పు. ఇంకా 2 ప్రయత్నాలు.

సమయం 11.28.

“నేను తప్పు చదవలే” అంది లీలమ్మ.

“నువ్వు గాదు ఆంటీ. చీటీ తప్పు చదివిస్తుందేమో” అంది సుజన.

ఫోన్ల లోపలి బోర్డుల మీద టంకం వేయడానికి ఆమె దగ్గర మైక్రోస్కోప్ ఉంది. దానికి పైన చిన్న తెర. సుజన చీటీని కింద పెట్టి దీపం వేసింది. తెర మీద నీలి గీతలు అరచేయంత అయ్యాయి. మొదటి క దగ్గర ఆపింది. తర్వాత చీటీని జరిపి రెండో క చూపించింది.

“ఈ రెండు ఒక్కతీరుగ ఉన్నయా?”

రెండో క కింద అట్ట ఖాళీగా ఉంది. మొదటి క కింద సిరా పాకిన మరక ఉంది. నాలుగేళ్ల చెమట అది. సుజన దీపాన్ని పక్కకు వంచింది. మరక మధ్యలో పాళీ నొక్కిన గాడి కనిపించింది. గాడి వంపు తిరిగి ఉంది.

“ఒత్తు” అన్నాడు ప్రహ్లాద్.

“క గాదు, క్క” అంది లీలమ్మ. “ఆరు గాదు. రెండు.”

సుజన కాగితం మీద 6 కొట్టేసి 2 రాసింది. 120698. కాగితాన్ని లీలమ్మ వైపు తిప్పింది.

“ఇంకో రెండే ఉన్నయ్ ఆంటీ. కొట్టాల్నా?”

లీలమ్మ కాగితం చూసింది. చాలాసేపు చూసింది.

“కొట్టు బిడ్డా. ఇది నాకెర్కున్న నంబరే.”

“ఎట్లా?”

“పన్నెండో తారీఖు, ఆరో నెల, తొంభై ఎనిమిది. శుక్రవారం. నేను దుకాణంల పనికి చేరిన దినం.”

ప్రహ్లాద్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. సుజన ఆరంకెలు కొట్టింది.

11.37కి తిజోరి తెరుచుకుంది. ఏడు ఫొటోలు ఉన్నాయి.

భిక్షపతి సందు పొడుగూతా వినిపించేలా అరిచాడు. “తెరిసిన్రు భాయ్! నంబర్ నాలుగేండ్ల సంది కవర్లనే ఉండె!” ఎదురు కౌంటర్‌లో ఎవరో ఈల వేశారు. చాయ్ తెచ్చే మనిషి ఆగి ఏమైందని అడిగాడు. సుజన అందరికీ చాయ్ చెప్పింది. లీలమ్మ చాయ్ తాగలేదు. ఫోన్, చీటీ కొంగులో కట్టుకుని దుకాణానికి నడిచింది. వెళ్లేముందు సుజన తల మీద చేయి పెట్టింది.

*

11.55కి ఆమె పని మొదలుపెట్టింది. ఫోన్‌ను ఛార్జర్‌కు పెట్టి, డబ్బాకు ఆనించి నిలబెట్టింది. పక్కన మొదటి గిన్నె. ఫొటోను వేళ్లతో పెద్దది చేసుకోవాలి, అదే వేళ్లతో సూది పట్టాలి. పది ముత్యాలయ్యేసరికి అది కుదరదని తేలింది. ప్రహ్లాద్ వచ్చి ఫోన్ పట్టుకుని పక్కన కూర్చున్నాడు. గిరాకీలను పన్నెండు నుంచి నాలుగు వరకు రావద్దని తలుపు మీద అట్ట కట్టాడు.

“తర్వాత చిన్నది. దాని పక్కది గూడ చిన్నదే. తర్వాత పచ్చ” అని చదివాడు.

“పచ్చ ముందుగాల చపటది లేదా?”

ప్రహ్లాద్ ఫొటో పెద్దది చేశాడు. “ఉంది.”

“బ్యాంకుల గిట్లనే లెక్కవెట్టిన్రా సేట్?”

“అక్కడ మిషనుండె.”

“గందుకే బ్యాంకు బతికింది.”

పన్నెండున్నరకు ఒక పేట అయింది. రెండో పేట ఒకటి దాటాక అయింది. మూడో పేట నుంచి ప్రహ్లాద్ తప్పు చదవలేదు. లీలమ్మ భోజనం డబ్బా తెరవలేదు. రెండున్నరకు ఆరో పేట మొదలైంది. 3.22కి ఏడో గిన్నె ఖాళీ అయింది. ఆమె ప్రతి పేటనూ ఫొటో పక్కన పెట్టి మొదటి నుంచి చివరి దాకా లెక్కపెట్టింది. 413 ముత్యాలు, 21 పచ్చలు. 3.50కి ఏడు దారాల కొసలను రెండు బంగారు బిళ్లలకు కట్టి ముడి వేసింది.

4.05కి దుకాణం ముందు ఆటో ఆగింది. రశ్మి ముందు దిగి విమలాదేవి చేయి పట్టుకుని మెట్లెక్కించింది. రశ్మి చేతులకు మెహందీ ఉంది. విమలాదేవి కుర్చీలో కూర్చుని ఒళ్లో కొంగు పరుచుకుంది.

“తే లీలా.”

లీలమ్మ హారాన్ని ఆమె ఒళ్లో పెట్టింది. విమలాదేవి బిళ్లలు వెతుక్కుని పట్టుకుంది. మొదటి పేట మీద బొటనవేలు, చూపుడువేలు కదలడం మొదలుపెట్టాయి. పెదవులు లెక్కపెడుతున్నాయి. రెండో పేట మొదట్లోనే ఆమె ఆగింది.

“ఇది కొత్తగుంది.”

ప్రహ్లాద్ లీలమ్మను చూశాడు.

“కొత్తది గాదమ్మా. కడిగిన. మీద మీ అత్తరుండె, పోయింది. పదకొండోదే గదా?” అంది లీలమ్మ.

విమలాదేవి ఆ ముత్యాన్ని మళ్లీ తిప్పింది. గోటితో అంచు తడిమింది.

“పదకొండోదే. చపటది” అంది. “మా అత్త పండ్లతోని కొరికి చూసేది దీన్ని.”

మూడు, నాలుగు, ఐదు పేటలు ఆగకుండా దాటింది. ఆరో పేటలో మూడో పచ్చ దగ్గర ఆగి, అంచు విరిగిన చోటు వెతికింది. దొరికింది. ఏడో పేట చివర బిళ్ల తగిలాక వేళ్లు తీసింది.

“అమ్మమ్మా, ఉన్నయా అన్ని?” అంది రశ్మి.

“ఉన్నయ్. ఉన్న జాగల ఉన్నయ్. ఇటు వంగు.”

రశ్మి నేల మీద మోకాళ్లు ఆనించి వంగింది. 4.31కి విమలాదేవి హారాన్ని ఆమె మెడలో వేసి, వెనక కొక్కెం తనే పెట్టింది. తర్వాత లీలమ్మ చేయి అడిగి తీసుకుని, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా తడిమింది.

“పెండ్లికి రా. డానియేలును గూడ తీసుకరా” అంది.

“వస్తనమ్మా.”

“ఎన్నింటికి?”

“ఏడింటికి. ఒక్క మాట.”

ఆటో చార్మినార్ వైపు వెళ్లింది. ప్రహ్లాద్ తలుపు మీద అట్ట తీసేశాడు. లోపలికి వెళ్లి పాత చీటీల డ్రాయర్‌ను లాగి, మొత్తంగా ఊడదీసి తెచ్చి లీలమ్మ పీట పక్కన పెట్టాడు.

“ఇయ్యన్ని చదువుతవా?”

“చదువుత సేట్. రేపు. ఇప్పుడు అన్నం తింట.”

4.50కి ఆమె ఫోన్ కవర్ తీసి, చీటీని మళ్లీ లోపల పెట్టింది.